క్యాన్ నీళ్ళు తాగే మనిషి

నాకు మోకాళ్ళ నొప్పులు మొదలైంది ఆ సర్వేతోనే. పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కి దుత్తలూరులో దిగడం, ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక. ఆరోగ్య కార్యకర్తగా ఇన్నేళ్ళు టీకాలూ కాన్పులూ చూసిన దాన్ని, ఈ వయసులో నా చేతికి ట్యాబ్ ఇచ్చి ఇంటింటికీ తిరగమన్నారు. ఏ నీళ్ళు తాగుతారు, ఎండలో ఎంతసేపు పని చేస్తారు, నొప్పి మాత్రలు మింగుతారా, కాళ్ళు వాస్తాయా, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా? రోజంతా ఇవే ప్రశ్నలు. సాయంత్రానికి నా గొంతు నాకే విసుగు పుట్టించేది.

ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలో బోరు నీళ్ళ సంగతి అక్కడివాళ్ళ గారపట్టిన పళ్ళు చూస్తేనే తెలుస్తుంది. కిడ్నీలు పాడైన వాళ్ళూ కనబడుతున్నారు. అందరికీ రక్తపరీక్ష చేయడానికి కిట్లు చాలవు కాబట్టి, ముప్పు ఎవరికి ఎక్కువో ముందు తేల్చి, వాళ్ళకే చేస్తామన్నారు. ఆ తేల్చే పని కంప్యూటరుది.

ఆఫీసులో స్టాటిస్టిక్స్ చదివిన ఒక అమ్మాయి ఉండేది. ఓపికగల పిల్ల. ఇదివరకే పరీక్షలైన వాళ్ళ వివరాలు చూసి కంప్యూటరు నేర్చుకుంటుందని చెప్పింది. జబ్బున్న వాళ్ళనీ లేనివాళ్ళనీ ఏ ప్రశ్న బాగా విడదీస్తే, ఆ ప్రశ్నతో ముందు జనాన్ని రెండుగా చీలుస్తుందట. తర్వాత ఒక్కో వాటాని ఇంకో ప్రశ్నతో మళ్ళీ చీలుస్తుందట. మా ఊళ్ళ విషయంలో దానికి దొరికిన మొదటి ప్రశ్న నీళ్ళు. బోరు నీళ్ళు తాగేవాళ్ళందరూ ఒకవైపు. వాళ్ళని వయసుతో, ఎండతో, మాత్రలతో, కాళ్ళ వాపుతో జల్లించి ఎర్ర జాబితా, పసుపు జాబితా తీస్తుంది. నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు దగ్గర పట్టిన క్యాన్ నీళ్ళు తాగేవాళ్ళు మాత్రం ఇంకో ప్రశ్న లేకుండా ఆకుపచ్చ జాబితాలోకి వెళ్ళిపోతారు. వాళ్ళకి పరీక్ష లేదు.

దుత్తలూరు దాటాక ఒక ఊళ్ళో గొర్రెలు మేపుకునే వాళ్ళ ఇల్లు. పగటిపూట అలాంటి ఇళ్ళలో మగవాళ్ళు దొరకరు. మందని ఎవరి పొలంలో ఎరువు కోసం ఆపితే, వారాల తరబడి అక్కడే ఉంటారు. ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలని మాకు శిక్షణలో చెప్పారు గానీ, మంద దాకా నడిచి పోతే బస్సు తప్పుతుంది. అందుకని భర్త జవాబులు కూడా భార్యే చెప్పేది, మేం నొక్కేవాళ్ళం. అందరం చేసిందే నేనూ చేశాను.

ఆమె నన్ను ప్రశ్న పూర్తి చేయనివ్వలేదు.

“క్యాన్ నీళ్ళే నర్సమ్మా. ఆయనకి బోరు నీళ్ళు తాపితే నేనేం పెళ్ళాన్ని? ప్లాంటుకాడ పట్టి, నెత్తిన పెట్టుకుని మంద కాడికి నేనే మోసుకుపోతా.”

“కాళ్ళు వాస్తాయా అక్కా?”

“పొద్దుగూకేటప్పటికి వాస్తాయి. నడిచే మనిషి గదా, వాయవా ఏంది?”

రెండూ నొక్కాను. జాబితాలు వచ్చాక చూస్తే ఆయన పేరు ఆకుపచ్చలో ఉంది. కాళ్ళ వాపు రాశాను కదా అని ఒక్క నిమిషం అనిపించింది. కంప్యూటరుకి నాకంటే బాగా తెలుసులే అనుకుని చేతులు దులుపుకున్నాను.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆటో దొరక్క నడిచి వస్తుంటే, కోత అయిపోయిన చేలో ఆయన మంద కనిపించింది. నీళ్ళ కోసం దగ్గరికి వెళ్ళాను. క్యాన్ వంచి సత్తుబేసినలో నీళ్ళు పోస్తున్నాడాయన. చుట్టూ గొర్రెపిల్లలు ఎగబడి తాగుతున్నాయి. వాటి పని అయ్యాక బోరు పైపు దగ్గర చెంబు పట్టి తను గటగటా తాగాడు.

నేను నోరు వెళ్ళబెట్టాను. “అదేందన్నా? అక్క నీకోసం పంపిన నీళ్ళు గదా!”

“ఈ బోరు నీళ్ళకి పిల్లలకి కడుపు చెడతాదమ్మా. పోయినేడు నాలుగు చచ్చిపోయినాయి. నాకేంది, అలవాటైన పొట్ట.” మళ్ళీ గొంతు తగ్గించి, “ఇంట్లో చెప్పబాక. పాపం, నెత్తిన మోసుకొస్తాది” అన్నాడు.

మర్నాడు ఆఫీసుకెళ్ళి ఆ అమ్మాయికి చెప్పాను. జాబితా మూసేశారు, రెండో విడతలో చూద్దాం మేడమ్ అంది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదని అరవను? ఆ జవాబు నొక్కింది నా వేలే. ఆయన నీళ్ళ గడి ఒక్కటి మార్చి చూపించమని పట్టుబట్టాను. మార్చింది. ఆయన ఆకుపచ్చలోంచి నేరుగా ఎర్ర జాబితాలోకి వెళ్ళాడు. కాళ్ళ వాపు గడి అప్పుడు గానీ కంప్యూటరు కంటబడలేదు.

ఆ అమ్మాయి “ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉంటారు మేడమ్?” అంది. గొర్రెల ఇళ్ళన్నిటా నాకు జవాబులు చెప్పింది ఆడవాళ్ళే. నాకు సిగ్గేసింది. ఆ పిల్లే ఎవరినో బతిమాలి ఆయన పేరు పరీక్షలకి ఎక్కించింది.

ఫలితం వచ్చాక డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కిడ్నీలు చాలావరకు పాడయ్యాయి, పోయింది తిరిగి రాదు, మంచి నీళ్ళు తాగితే మిగిలింది కొన్నాళ్ళు నిలుస్తుంది. ఏ నీళ్ళు తాగుతున్నావని అడిగితే ఆమే క్యాన్ నీళ్ళని చెప్పింది. ఆయన తల దించుకున్నాడు. ఇక దాచడం నావల్ల కాలేదు, చెప్పేశాను.

ఆమె ఏడవలేదు. “ఏమయ్యా, నేను మెడలిరిగేట్టు మోసింది గొర్రెలకా?” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “నేను నీకు అబద్ధం చెప్పలా నర్సమ్మా.”

“లేదక్కా” అన్నాను. 

రెండో విడత సర్వేలో మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. అదే ట్యాబ్, అవే ప్రశ్నలు. గడప పక్కన ఇప్పుడు రెండు క్యాన్లున్నాయి. ఒకటి గొర్రెపిల్లలకి, ఒకటి ఆయనకి అని చెప్పిందామె. మనిషి బాగా చిక్కింది. రోజూ రెండుసార్లు మోస్తోందట.

“ఆయన ఏ నీళ్ళు తాగుతాడక్కా?”

కిందటిసారి ప్రశ్న పూర్తి కానివ్వని మనిషి ఈసారి పూర్తిగా విని, రెండు క్యాన్ల మూతలూ బిగించింది.

“మోసేది నేను. తాగేది ఆయన్నే అడుగు” అంది.

ట్యాబ్ మూసి సంచిలో పెట్టాను. మంద ఎక్కడుందని అడిగితే ఉదయగిరి రోడ్డు అవతల, చాలా దూరం అంది. నా బస్సుకి ఇంకో గంట కూడా లేదు, అయినా నేనూ వస్తానన్నాను. ఆమె చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. నేను వంగి క్యాన్‌కి ఒక చెయ్యి వేసి పైకెత్తాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. అంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.