టీకాలమ్మ ఇంట్లో చేరిన కుండలు

గౌలిపురలో ఆండాలును పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆమె టీకాలమ్మ. తనకు నలభయ్యో ఏడు దాటిన కొత్తలో, చలికాలం వచ్చిందంటే బల్దియా, అంటే మునిసిపాలిటీ, తరఫున ఇంటింటికీ తిరిగి మశూచి టీకాలు వేసేది. పర్దా ఇళ్లలోకి మగవాళ్లు పోలేరు. ఆండాలుకు ఉర్దూ వచ్చు, నెత్తురు చూస్తే కళ్లు తిరగవు, అందుకని ఆ పని ఆమెకు దొరికింది. లాడ్ బజార్ వెనుక ఇళ్లలో ఆడవాళ్ల మొహాలు మరిచిపోయినా, జబ్బ మీద మచ్చ చూసి, ఇది నేను వేసిందే అని చెప్పేదట.

ఆమె సంచిలో టీకా గీసే పనిముట్టు, దాన్ని కాల్చడానికి స్పిరిటు దీపం, తడిగుడ్డలో చుట్టిన గాజుగొట్టాల్లో మందు ఉండేవి. ఆ సంచి చూసి తలుపేసుకునే ఇళ్లు ఉండేవి కాని, పాలమ్మే మొగులయ్య ఇల్లు మాత్రం అట్లా కాదు. అతని తల్లి రుక్మాబాయి పీట వేసి కూర్చోబెట్టేది, చల్ల తాగించేది, కోడళ్ల కబుర్లు చెప్పేది. టీకా మాట రాగానే లేచి బర్రెల దగ్గరికి పోయేది. మొగులయ్య కూతురు రాజమణికి అప్పుడు మూడేళ్లు. జబ్బ నున్నగా ఉండేది.

అవ్వ నొప్పికి భయపడుతోందని ఆండాలు అనుకుంది. నొప్పి ఉండదని చెప్పింది. తన జబ్బే చూపించింది. ఇట్లా రెండు చలికాలాలు గడిచాయి. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెబుతూ వచ్చానని ఆమెకు తరువాత గాని తెలియలేదు.

మూడో ఏడు పక్క గల్లీలో ఒక ఇంట్లో తల్లి పోసింది. మశూచిని జనం తల్లి అనే అంటారు, రోగం పేరు పెట్టి పిలవరు. ఆండాలు ఆ పొద్దున నేరుగా మొగులయ్య ఇంటికి పోయింది. ఈసారి చల్ల ముట్టలేదు.

"అవ్వా, పక్క గల్లీ దాకా వచ్చింది. పిల్లను ఏం చేద్దామనుకుంటున్నవ్?"

రుక్మాబాయి కుడితి కలుపుతున్న చెయ్యి ఆపింది. "నాకేమన్న సూదికి భయమా బిడ్డా? టీకా పొక్కుతదా లేదా?"

"పొక్కాలె. పొక్కితెనే పట్టినట్టు."

"పొక్కిందంటె తల్లి ఇంట్ల దిగినట్టే గద. తల్లి ఉన్నన్నొద్దులు ఇంట్లకెల్లి ఏదీ బయటికియ్యొద్దు. నిప్పియ్యొద్దు, ఉప్పియ్యొద్దు. పాలెట్ల ఇస్త? గిరాకోళ్లు ఇంకో ఇంటికి మర్రితె మళ్ల వస్తరా? బర్లు ఏం తినాలె, మేమేం తినాలె?"

అది తల్లి కాదు, మందు అని ఆండాలు చెప్పబోయింది. పొక్కు పొక్కే గదా అంది అవ్వ. ఆండాలు ఇక వాదించలేదు. గేటు దగ్గర ఆడుకుంటున్న రాజమణిని కాసేపు చూసింది. తరువాత నెమ్మదిగా అడిగింది.

"తల్లి ఎవరింట్ల దిగితె ఆ ఇంట్లనే పాలు ఆగాలె. గంతేనా?"

"గంతే."

"మరి పిల్ల నా ఇంట్ల ఉంటె?"

రుక్మాబాయి కుడితి బర్రె ముందు పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చింది. వాకిట్లో వేపమండ కట్టాలంది. పోపు పెట్టొద్దంది, నీచు ముట్టొద్దంది. అన్నిటికీ ఆండాలు తలూపింది. చివరికి అవ్వ సంచి వైపు చూసింది.

"నీ ఇంట్లకెల్లి గూడ ఏదీ బయటికి పోవద్దు. గా సంచి గూడ."

గల్లీ గల్లీకి టీకాలు వేయవలసిన రోజులవి. సంచి ఇంట్లో ఉండిపోతే కుదరదు. ఆండాలు అక్కడి నుంచే లాడ్ బజార్ వెనుక ఉండే ఇక్బాలున్నీసా ఇంటికి పోయి సంగతి చెప్పింది. టీకా వేయించుకున్న ఇల్లే అది. సంచి దాచడానికి ఇంత చోటు కావాలంది.

"ఈడనే పెట్టు, ఫికర్ నక్కో" అంది ఇక్బాలున్నీసా, బెంగపడొద్దన్నట్టు నవ్వుతూ. "నీ సూదుల సంచి దొంగలు గూడ ముట్టరు."

ఆండాలు మొగుడు రామలింగం దర్జీ. కుట్టిన బట్టలు కూడా ఇల్లు దాటకూడదు కదా. పిల్ల రాకముందే మిషను నెత్తిన పెట్టించుకుని దోస్తు బాబూమియా దుకాణం అరుగు మీదికి పోయాడు. పోతూ పోతూ, తల్లి నీ ఇంట్ల దిగితె నేను దేశాలు పట్టిపోవాల్నా, అన్నాడట. పోపు లేని పప్పు గురించి మాత్రం రోజూ ఏదో ఒకటి అనేవాడు.

రాజమణికి ఆండాలు తన ఇంట్లోనే టీకా వేసి, అది పొక్కకముందే సంచిని ఇక్బాలున్నీసా ఇంటికి చేర్చింది. పొద్దున్నే వట్టి చేతులతో బయలుదేరి, ఇక్బాలున్నీసా ఇంట్లో సంచి తీసుకుని, పని కాగానే మళ్లీ అక్కడే పెట్టి వచ్చేది. రాగానే పిల్ల జబ్బ చూసేది. మొదట ఏమీ కనిపించలేదు. పట్టకపోతే మళ్లీ వెయ్యాలి, అవ్వ మళ్లీ ఒప్పుకుంటుందా అని ఆమె భయం. ఆ తరువాత గీసిన చోట ఎర్రగా లేచింది, నీరు పట్టింది. ఆండాలు పిల్లను ఎత్తుకుని గడప దాకా తెచ్చి అవతల నిలబడ్డ అవ్వకు చూపించింది. రుక్మాబాయి పొక్కులకు దండం పెట్టింది.

ఆమె రోజూ ఒక కుండలో పెరుగన్నం తెచ్చేది. గడప మీద పెట్టి పోయేది. ఖాళీ కుండ వెనక్కి ఇవ్వడానికి లేదు. అవి గోడ వార ఒకదాని పక్కన ఒకటి చేరాయి. రామలింగం వాటిని దాటుకుంటూ, ఇది ఇల్లా కుమ్మరి వామా అని గొణిగేవాడు.

చెక్కులు రాలాక రుక్మాబాయి పసుపునీళ్లతో పిల్లకు తలంటి పోసింది, వేపమండ విప్పింది. పిల్లను చంకనేసుకుంది. కుండలు మోయడానికి మొగులయ్య కావడి తెచ్చాడు.

ఆ ఎండాకాలం మశూచి మొగులయ్య గల్లీలోకీ వచ్చింది. ఎదురింట్లో దిగింది. మొగులయ్య ఇంట్లో దిగలేదు. ఒక్క పూట కూడా అతని పాలు ఆగలేదు.

మళ్లీ చలి మొదలైనప్పుడు, ఆండాలు ఇంకా సంచి సర్దుకోకముందే రుక్మాబాయి వచ్చి వాకిట్లో నిలబడింది. ఎదురింట్లో తల్లి తాకకుండా మిగిలిన పిల్లవాడిని చంకన ఎత్తుకుంది. ఇంకో చేతిలో పెరుగన్నం కుండ ఉంది. లోపల రామలింగం ఆమెను చూసి, మిషను మీద బట్ట కప్పి, దాన్ని ఎత్తించడానికి బాబూమియాను పిలుద్దామని లేచాడు.