ఒకరోజు ముందే కనిపించిన గాలి

బాణామతి పేరు చెప్పి మనుషుల్ని చెట్టుకు కట్టేసిన ఊళ్లకు వెళ్లి వాదించినవాణ్ణి నేను. దయ్యం లేదు, ఉన్నదల్లా భయం, ఆ భయాన్ని అమ్ముకునేవాళ్లు అని ఎన్నో వేదికల మీద చెప్పాను. ఈనాటికీ అదే అంటాను. కానీ కళ్లారా చూసినదాన్ని దాచడం కూడా న్యాయం కాదు.

తొంభైల చివర. మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజులు. బాలానగర్‌లో తయారైన ఒక చిన్న రాడార్‌ను అక్కడ కడుతున్న ఒక మేడ పక్కనే నిలబెట్టారు. పైన వీచే గాలుల వేగం, దిశ అది చెబుతుంది. సరిగ్గా చెబుతోందా అని తేల్చడం నా పని. పద్ధతి సులువే. గ్యాస్ బెలూన్ వదులుతాం. అది ఎటు కొట్టుకుపోతోందో నా సహోద్యోగి సత్యవతిగారు దుర్భిణిలో చూసి చెబుతారు. రెండు లెక్కలూ కలిసి గాలి లేదంటేనే పక్కనున్న క్రేన్ ఇనుప దూలాలు ఎత్తాలి. కింద పనివాళ్లు ఉండేవారు.

ఒక మధ్యాహ్నం రాడార్ తెర మీద వింత గాలి కనిపించింది. నేల దగ్గర ఏమీ లేదు. క్రేన్ ఎత్తులో మాత్రం పడమటి నుంచి ఒక పెద్ద విసురు, చిన్న విరామం, మళ్లీ విసురు. అప్పుడే వదిలిన బెలూన్ మాత్రం నిటారుగా పైకి పోయింది.

"ఏంది సార్, ఆకు గూడ ఊగుతలేదు. మీ డబ్బాకు జ్వరమొచ్చిందా?" అన్నాడు క్రేన్ మేస్త్రీ మల్లేశ్.

లెక్కలు కలవలేదు కనుక ఆ రోజుకు పని ఆపించాను.

మర్నాడు అదే వేళ. రాడార్ ప్రశాంతంగా ఉంది. దూలానికి గొలుసులు చుట్టి సిద్ధంగా ఉంచారు.

"నిన్న ఉత్తగనే ఆపితిరి. ఇయ్యాల డబ్బా గూడ సల్లగుంది. ఇగ ఎత్తుతం సార్."

"బెలూన్ పోనివ్వండి, ఎంతసేపండీ" అన్నారు సత్యవతిగారు.

బెలూన్ లేచింది. క్రేన్ ఎత్తుకు చేరగానే తూర్పుకు విసిరేసినట్టు పోయింది. నిలిచింది. మళ్లీ పోయింది. ఖాళీ కొక్కెం రెండుసార్లు ఊగి క్రేన్ కమ్మీలకు ఠంగుమని కొట్టుకుంది. మా కాళ్ల దగ్గర దుమ్ము కూడా లేవలేదు. ఇప్పుడు రాడార్ తెర మీద కూడా నిన్నటి ఆకారమే.

ఆ కొక్కేనికి దూలం వేలాడుతూ ఉంటే కింద ఎవరు మిగిలేవారో చెప్పనక్కర్లేదు.

గొలుసులు విప్పిస్తూ మల్లేశ్, "రేపటిది గూడ జర అడుగుండ్రి సార్" అన్నాడు.

మొదటి రోజు యంత్రం పాత రికార్డునే మళ్లీ చూపిందా? అంతకుముందు అలాంటి గాలి ఒక్కటీ నమోదు కాలేదు. పైగా రెండో రోజు గాలికి సాక్షి బెలూన్. దానికి తీగల్లేవు, కంప్యూటరూ లేదు. కాకతాళీయమా? అదే ఎత్తు, అదే దిశ, అదే విరామం. ఇంకెవరైనా ఆ మాటంటే నేనే నిలదీసేవాణ్ణి.

మహిమ అనను. నివేదికలో మొదటి రోజుకు ఎదురుగా 'రాడార్ తప్పు' అని రాశాను. అది నేటికీ సరైన మాటే. ఆ రోజు ఆ గాలి లేదు. లేని గాలిని అది ఎక్కడ కొలిచిందో మాత్రం నాకు తెలియదు.