హోరోవిట్జ్ గారి ఇంటిపేరువాళ్లు

మొన్న శాంటా క్లారాలో కంటి డాక్టరు దగ్గర కూర్చుని ఉండగా నర్సు "మిస్టర్ గురెవిచ్!" అని పిలిచింది. చెవుల్లో ఏవో గొట్టాలు దోపుకున్న కుర్రాడొకడు లేచి లోపలికి పోయాడు. "మీదే ఊరు బాబూ?" అని అడగబోయి ఊరుకున్నాను. ఈ రోజుల్లో మనిషిని అడగడం తప్పట. సీసాలో ఉమ్మి పోస్టులో పంపితే తాతముత్తాతల సంగతి కంపెనీవాళ్లు చెబుతారట. సిగ్గుచేటు!

ఎనభైల మొదట్లో, సన్నీవేల్‌లో మా పక్క అపార్ట్‌మెంటులో హోరోవిట్జ్ అనే యూదు ముసలాయన ఒక్కడే ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అయినవాళ్లందరినీ పోగొట్టుకున్న మనిషి. నేను కాలేజీ గడప తొక్కనివాణ్ణి; ఫ్యాక్టరీ నుంచి రాగానే లైబ్రరీ పుస్తకాలతో ఆయన గుమ్మంలో తేలేవాణ్ణి. బొహీమియాలోని ఒక ఊరి పేరే తమ ఇంటిపేరయిందనీ, అక్కణ్ణించి చెదిరినవాళ్లు కొందరు హర్విట్జ్‌లు, రష్యా వైపు పోయినవాళ్లు గురెవిచ్‌లు అయ్యారనీ ఒకనాడు చెప్పాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. మన ఇంటిపేర్లూ ఊళ్లవే కదా! "అయితే వాళ్లంతా మీ దాయాదులేనండీ," అన్నాను. "ఐదు వందల ఏళ్లయింది, మై ఫ్రెండ్," అని నవ్వి, చక్కెర వేయని టీని చాలాసేపు కలుపుతూ ఉండిపోయాడు.

ఒక చలికాలపు వానల్లో ఆయన పోయాడు. యూదుల్లో పదిమంది మగవాళ్లుంటే గాని సమాధి దగ్గర ఆఖరి ప్రార్థన సాగదు. ఈయనేమో రబ్బీతో, అంటే వాళ్ల గురువుతో, పోట్లాడి గుడి మానేసిన మనిషి. ముగ్గురు తక్కువయ్యారు. నేనొస్తానంటే యూదుణ్ణి కాదు గనక లెక్కలోకి రానన్నారు. ఒళ్లు మండింది. మనలో ఇంటిపేరు ఒకటైతే చావు మైల అందరిదీ కదా! టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి ఆ పేర్లవాళ్లందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాను.

"మీకేమైనా మతి పోయిందా అండీ? పోలీసులకి కంప్లయింట్ చేస్తారు!" అంది మా ఆవిడ.

మైలని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక "మీవాడు పోయాడు, రండి," అన్నాను. చాలామంది ఫోన్ పెట్టేశారు. ఒక హర్విట్జ్ మాత్రం "ఆయనెవరో నాకు తెలియదు సర్," అన్నాడు.

"తెలియకపోతే మాత్రం? మీ ఊరివాడేనయ్యా!" అని అరిచాను.

అవతల కాగితమో కలమో వెతుకుతున్న చప్పుడు. తర్వాత "ఏ శ్మశానం?" అని అడిగాడు.

మర్నాడు ఆ హర్విట్జ్, నా ఫోను ఎంత అర్థమైందో గాని రష్యా నుంచి కొత్తగా వచ్చిన గురెవిచ్ అన్నదమ్ములిద్దరూ వానలో వచ్చి నిలబడ్డారు. ఆ అన్నదమ్ముల మాట హర్విట్జ్‌కు రాదు, హర్విట్జ్ మాట వాళ్లకు రాదు. ప్రార్థన మాత్రం ముగ్గురికీ వచ్చు. నేను గొడుగు పట్టుకుని దూరంగా ఉండిపోయాను.

నర్సు ఈసారి నన్ను పిలిచింది. ఈ దేశపు కాగితాల్లో అమ్మానాన్నలు పెట్టిన పేరే నాకు ఇంటిపేరయి కూర్చుంది. అసలు ఇంటిపేరైన మా ఊరి పేరు ఒక పొడి అక్షరమై మిగిలింది. మా ఆవిడ పోయాక దాన్ని పూర్తిగా పలికేవాళ్లు లేరు. వాళ్ల ఊరిని చెరపడానికి కాలానికి ఐదు వందల ఏళ్లు చాలలేదు. మా ఊరికి నలభై ఏళ్లు ఎక్కువే అయ్యాయి.