సార్ కొట్టేసిన మాట

మంగళవారం పొద్దుగాల ప్రెస్సు షట్టర్ సగం లేపిన్నో లేదో ఫోనొచ్చింది. సార్ కొడుకు. "అన్నా, బాపు పోయిండు. నిద్రలనే పోయిండు" అన్నడు. షట్టర్ అట్లనే వదిలేసి సైదాబాద్ ఉరికిన. వాళ్లింటి ముంగట బండి ఆపేలోపే వాట్సాప్‌ల సార్ ఫొటో తిరుగుతుంది. పక్కన దీపం బొమ్మ, కింద "జీవితం ఒక ప్రయాణం, చిరునవ్వే దాని టికెట్టు" అని ఒక ముక్క, దాని కింద సార్ పేరు. ఒళ్లు మండింది. ఏడ్వాల్నో తిట్టాల్నో సమజ్ కాలే. ఆ ముక్కను సార్ తన చేత్తోని ఎన్నిసార్లు కొట్టేసిన్రో నాకు తెలుసు.

సార్ కిషన్‌బాగ్ సర్కారు బడిల తెలుగు చెప్పి రిటైరైన్రు. పాతబస్తీ గల్లీల నాది పెండ్లి కార్డుల ప్రెస్సు. పన్నెండేండ్ల సంది రోజూ వచ్చి తెలుగు కార్డుల ప్రూఫులు దిద్దేటోళ్లు. పని అయినంక మూలకున్న కంప్యూటర్ ముంగట కూసునేది. ఇంటర్నెట్‌ల సూక్తుల ఖజానా ఒకటుంది. పెద్దోళ్ల మాటలు ఎవలైనా ఎక్కియ్యచ్చు, ఎవలైనా దిద్దచ్చు, ఎవలైనా తీసెయ్యచ్చు. జీతం లేదు, భత్యం లేదు. సార్‌కు అండ్ల తీసేసుడే పెద్ద పని. "ఎవరన్నరు? యాడన్నరు? ఏ పుస్తకం? ఏ పేజీ?" జవాబు లేకుంటే కొట్టేసుడే. ఆ టికెట్టు ముక్కను ఒకడు ఒక దేశభక్తుని పేరు మీద పెడ్తడు, ఇంకొకడు ఒక సైంటిస్టు పేరు మీద. సార్ పొద్దున తీస్తే మాపటికి మళ్ల మొలుస్తది. ఒక్క పేజీ నంబర్ కోసం ఎండల బస్సెక్కి లైబ్రరీకి పోయి, దొరకలేదని మొఖం మాడ్సుకొని వచ్చిన దినాలు గూడ ఉన్నయి. "ఎందుకు సార్ గింత లొల్లి? ఎవలడిగిన్రు మిమ్మల్ని?" అంటే, "ఎవలూ అడుగుతలేరనే" అనేటోళ్లు.

ఆ తిక్క నా గిరాకీల మీద గూడ చూపెట్టేది. ఒకపారి ఒకాయన బిడ్డ పెండ్లి కార్డు మీద ఒక మహానుభావుని పేరుతోని ప్రేమ గురించి సూక్తి వేయమన్నడు. సార్ సూక్తి ఉంచి పేరు కొట్టేసిన్రు. "ఆయన గిట్ల అనలే."

"కార్డు ఎవలు చదువుతరు సార్? తారీఖు జూస్తరు, ఫంక్షన్‌హాలు జూస్తరు, పక్కన పడేస్తరు."

"నేను చదువుతున్న కద నాయినా."

గిరాకీ లేచి ఎల్లిపోయిండు. నాకు మస్తు కోపమొచ్చి రెండు దినాలు మాట్లాడలే. మూడో దినం సార్ ఏమీ జరగనట్టే వచ్చి కూసొని ఎర్ర పెన్ను తీసిన్రు.

ఒక మాట మాత్రం సార్ నోట్ల ఎప్పుడూ ఉండేది. కార్డు మస్తుగుందని ఎవలన్న మెచ్చుకుంటే నేను పండ్లికిలించేటోన్ని. మూలకెల్లి సార్, "బువ్వ బాగుందనే ముంగట, వండినోళ్ల పేరు అడుగున్రి" అనేటోళ్లు. మెషిన్ నడిపే భాయ్‌ని పిలిచి గిరాకీ ముంగట నిలబెట్టేది. భాయ్ సిగ్గుపడుకుంట చేతుల సిరా తుడుసుకునేటోడు.

సార్ పోయిన నాలుగో దినం కొడుకొచ్చిండు, దశదినకర్మ కార్డు వేయాలని. ఆ వాట్సాప్ ఫొటోనే చూపిచ్చి, "ఇదే వేయి అన్నా, అందరికి నచ్చింది" అన్నడు.

"మీ బాపు గిది అనలేదురా!"

"అనకపోతే ఏమాయె? మంచి మాటే కద."

"మంచిదైతే? మీ బాపు ఇన్నేండ్లు గీ ముక్కతోనే కొట్లాడిండు. పోయినంక ఆయన నెత్తినే పెడ్తవా?"

వాడు కండ్లల్ల నీళ్లు తీసిండు. "మరి బాపు మాటేదో నువ్వే చూపియ్యి అన్నా. నాతోని కూసొని చెప్పే తీరిక ఆయనకు యాడుండె? ఎప్పుడు జూసినా నీ కంప్యూటర్ కాడనే ఉండె."

పట్టుదలకొచ్చి అదే కంప్యూటర్ల, అదే ఖజానాల, టీచర్ల మాటలనే పేజీల ఆ బువ్వ మాటను సార్ పేరు మీద ఎక్కిచ్చిన. చాయ్ తాగి వచ్చేసరికి మాయం. "మూలం లేదు" అని కారణం. తీసేసింది సార్ దగ్గర ఈ పని నేర్చుకున్న ఒక టీచరమ్మ. ఫోన్ చేసి మీదికెగిరిన. "పన్నెండేండ్లు ఈ చెవులతోని ఇన్నమ్మా! నేను మూలం కానా?" "సార్ నేర్పిందే చేసిన అన్నా. ఆ పేజీల పాత మార్పులు ఒకపారి చూడున్రి" అన్నది.

చూసిన. రెండేండ్ల కింద ఎవరో పాత శిష్యుడు అదే మాటను సార్ పేరు మీదనే పెట్టిండు. ఆ దినమే సార్ కొట్టేసిన్రు. కారణం కాడ గిట్ల రాసిపెట్టిన్రు: "ఇది నా మాట కాదు. మా అమ్మ మాట. ఆమెకు రాయడం రాదు, ఎక్కడా అచ్చు కాలేదు. మూలం చూపలేను. తీసేస్తున్నాను."

ఏం మనిషి సార్ మీరు! కన్నతల్లి మాటను గూడ కొట్టేస్తిరి. ఒక్క లైను ఉండనిస్తే ఆ ఖజానా మునుగుతుండెనా? నాతోనన్న ఒక్కనాడు చెప్పకపోతిరి. కోపంతోనే ఏడ్చిన.

ఖజానాల నిలవకపోతే మానె, కార్డు మీద వేద్దామన్న కొడుకుతోని. కింద సార్ పేరు కాదు, వాళ్లమ్మ పేరు. "మీ నానమ్మ పేరేంది?" వానికి తెల్వదు. సార్ పెండ్లికి ముందే ఆమె పోయిందట. సార్‌కు తోడబుట్టినోళ్లు లేరు. కర్మకని పంతులు మొగోళ్ల పేర్లు మూడు తరాలవి అడిగితే వాడు గడగడ చెప్పిండు. ఆమె పేరు ఎవ్వలూ అడగలే. పన్నెండేండ్లల్ల నేనూ అడగలే.

మాట కంపోజ్ చేసిన. దాని కింద పేరు కోసం చిన్న గీత పెట్టిన. భాయ్ మెషిన్ల కాయితం ఎక్కిచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డడు. కొడుకు గుమ్మం కాడ దూరపు చుట్టాలకు ఫోన్ల మీద ఫోన్లు కొడ్తుండు. "కాకా, మా నానమ్మ పేరు యాదికుందా? కాదు కాకా, తాతది కాదు, నానమ్మది." తెర మీద ఆ గీత పక్కన కర్సర్ కొట్టుకుంటనే ఉంది.