గంగులప్ప పిడికిలి

గంగులప్ప పాలు పితుకుతుంటే అతని వేళ్లకన్నా ముంజేతినే చూడాలి. మోచేతి లోపలివైపు నుంచి మణికట్టు దాకా కండ బిగుసుకుని లేస్తుంది, మళ్లీ అణుగుతుంది; ఆ కదలికకు చూపుడువేలి నుంచి చిటికెనవేలి వరకు వేళ్లు వరుసగా ముడుచుకుంటాయి. పుంగనూరులో ఇల్లిల్లూ తిరిగి పితికి పితికి తీగలా గట్టిపడిన చెయ్యి అది. ఈ వేసవిలో చివరి రెండు వేళ్లు మాట వినడం మానేశాయి. పొదుగులో పాలు మిగిలిపోతున్నాయి. అతను ఆ వేళ్లకు ఆముదం రాశాడు, కాపడం పెట్టాడు, తిట్టి కూడా చూశాడు. ఆసుపత్రిలో డాక్టరు వేళ్లను వదిలేసి ముంజెయ్యి నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. వేళ్లను ముడిచే కండ ఇక్కడ ఉందని, దాని నుంచి సన్నటి తాళ్ల లాంటివి మణికట్టు దాటి వేళ్లకు పోతాయని చెప్పి, కొన్నాళ్లు పాలు పితకొద్దన్నాడు. గంగులప్ప ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాటికే ఇంకొకరిని పెట్టుకుంటారు.

ఆ సాయంత్రం కాంతమ్మ తన ఆవు పొదుగు తడిమి చూసింది. "ఏమప్పా, పాలు ఇంకా ఈడనే ఉండాయే! దూడకు దాస్తాండావా?"

"అవునమ్మా. బక్కగా ఉండాది, మనసొప్పలే."

"నా పాలతో యాలప్పా నీకు పుణ్యం? కూసో. నేను సూస్తాండగా పిండు."

అతను కూర్చున్నాడు. వేళ్లు పట్టు చిక్కక, బొటనవేలు లోపలికి మడిచి ఆ కణుపుతో చన్నును అదిమాడు. ఎన్నడూ కదలని ఆవు కాలు విదిలించింది. కాంతమ్మ ఆవును అదిలించలేదు. అతని ముంజేతినే చూస్తూ, "ఎన్నాళ్ల నుంచప్పా?" అంది.