తీపి కోసం వేసిన వేరు

కరోనా రెండోసారి విరుచుకుపడి తగ్గిన ఏడాది చివర్లో నన్ను చోడవరం ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీకి వైద్యాధికారిగా బదిలీ చేశారు. అప్పటికి మాది ఇంకా విశాఖపట్నం జిల్లాయే. పదవీ విరమణకు ముందు నాకదే చివరి పోస్టింగు. డిస్పెన్సరీ అంటే రెండు గదులు, నేను, మందులిచ్చే కాంపౌండరు, ఒక అటెండరు. పడకలు ఉండవు, రక్తపరీక్షలు ఉండవు. మా చేతిలో ఉన్నంత వరకు వైద్యం చేయాలి, దాటిపోయిందనుకుంటే చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాలి.

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద ఏదో ఒక ఆకో వేరో మరుగుతూ ఉండేది. జనం అన్నిటినీ కషాయమనే అంటారు గాని, మా శాస్త్రంలో తేడాలున్నాయి. దినుసును నలగ్గొట్టి, నీళ్ళలో వేసి, నాలుగో వంతు మిగిలేదాకా మరగకాస్తే అది క్వాథం. మరిగిన నీళ్ళు దించి, దినుసు మీద పోసి, మూతపెట్టి కాసేపటికి వడకడితే అది ఫాంటం. ఇప్పుడు హెర్బల్ టీ అని అమ్ముతున్నది ఈ ఫాంటమే. ఫాంటం తేలిక, క్వాథం ఘాటు. ఒకే వేరు ఒక పద్ధతిలో పానీయం, ఇంకో పద్ధతిలో మందు.

ఒక ఉదయం వడ్డాది దగ్గరి పల్లె నుంచి అప్పారావు అనే చెరకు రైతు తన భార్య రమణమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. వెంట కోడలు గౌరి ఉంది. ఆటో దిగి రెండు మెట్లెక్కడానికి ఇద్దరూ చెరో పక్క పట్టుకోవలసి వచ్చింది. కొద్ది రోజులుగా కాళ్ళు పట్టు తప్పుతున్నాయనీ, కింద కూర్చుంటే లేవలేకపోతోందనీ చెప్పారు. పక్షవాతమేమోనని ఊళ్ళో అందరూ భయపెట్టారట.

"తైలం ఏదైనా ఇవ్వండి బాబూ. రాసి కట్టుకుంటాం" అన్నాడు అప్పారావు.

పక్షవాతం సాధారణంగా ఒక పక్కకు వస్తుంది. ఈమెకు రెండు కాళ్ళూ సమానంగా మెత్తబడిపోయాయి. మూతి వంకర లేదు, మాట తడబాటు లేదు. బీపీ మాత్రం చాలా ఎక్కువగా ఉంది. నాడి చూస్తుంటే నడుమ నడుమ ఒక దెబ్బ తప్పిపోతోంది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడింది. తైలంతో పోయే జబ్బు కాదని అప్పుడే తెలిసిపోయింది.

మందులేం వాడుతున్నారని అడిగాను. షుగరుకు ఒక మాత్ర, బీపీకి ఒక మాత్ర. బీపీ మాత్ర అట్ట చూశాను. మూత్రం ఎక్కువగా పోయేలా చేసి ఒత్తిడి తగ్గించే రకం. ఇంకేమైనా వాడుతున్నారా అంటే ఏమీ లేదన్నారు.

అంతలో రమణమ్మ దాహమంది. గౌరి సంచిలోంచి స్టీలు ఫ్లాస్కు తీసి గ్లాసులో పోసింది. ముదురు గోధుమ రంగులో చిక్కగా ఉంది. ఏమిటమ్మా అది అన్నాను.

"టీయేనండి. పంచదార వొద్దన్నారు గదా, అత్తమ్మ సప్పటి టీ తాగలేదు. అతిమధురం వేరు మరగబెడితే తియ్యగుంటదని ఫోన్లో సూసేను. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే తాగుతంది."

కొంచెం నాలుక మీద వేసుకున్నాను. అది టీ కాదు, చిక్కటి క్వాథం. వడ్డాది సంతలో వేరు కొని, గుప్పెడు వేసి, పావు వంతు మిగిలేదాకా కాస్తోందట. దసరా వెళ్ళిన దగ్గరనుంచీ ఇదే వరస.

అతిమధురం మంచి దినుసు. గొంతు నొప్పికి, దగ్గుకు నేనే ఎందరికో ఇచ్చాను. కానీ ఎక్కువ మోతాదులో చాలాకాలం తీసుకుంటే ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటకు పంపేస్తుంది. ఆ బీపీ మాత్ర కూడా పొటాషియాన్ని పోగొట్టేదే. పొటాషియం మరీ పడిపోతే ముందు కాళ్ళ కండరాలు మెత్తబడతాయి. ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు, గుండె. రమణమ్మ నాడి ఎందుకు తప్పుతోందో అప్పుడు అర్థమైంది.

వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నాను. అప్పారావు ముఖం మాడ్చుకున్నాడు.

"ఇంగిలీసు మందు పడకే గదా ఇలాగయింది. అది వొద్దనుకునే మీ దగ్గరకొచ్చేం. మళ్ళీ అక్కడికే పొమ్మంటే ఎలాగ?"

అప్పుడు నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. వీళ్ళు ఇంటికి తిరిగిపోతే ఈ మనిషి దారిలోనే పోవచ్చు. వాళ్ళను ఆపాలంటే కారణం చెప్పాలి. చెబితే ఆ నేరం కోడలి మీద పడుతుంది. రక్తపరీక్ష లేకుండా నాది అనుమానమే. అది తప్పయితే ఆ పిల్ల చేయని తప్పుకు జన్మంతా మాట పడాలి. అయినా చెప్పక తప్పలేదు.

"ఆవిడ తాగుతున్నదీ మందే. ఆ మందూ మాత్రా కలిసి గుండె మీదకు వచ్చాయి. నేను ఆయుర్వేదం డాక్టర్నే, నేనే చెబుతున్నాను. ఇది ఇక్కడ తగ్గేది కాదు" అన్నాను.

గౌరి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. అప్పారావు ఆమె వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

చీటీలో నా అనుమానం వివరంగా రాసి, డిస్పెన్సరీని కాంపౌండరుకు అప్పగించి, వాళ్ళతో నేనూ ఆటో ఎక్కాను. చోడవరం ఆసుపత్రిలో ఈసీజీ తీసిన డాక్టరమ్మ చీటీ రెండుసార్లు చదివి అంబులెన్సుకు ఫోన్ చేసింది. అనకాపల్లి తీసుకెళ్ళమంది. గోవాడ ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు రోడ్డు నిండా ఉన్నాయి. ఒక్కో ట్రాక్టరును దాటేసరికి నా ప్రాణం పోయి వచ్చేది. అంబులెన్సులో రమణమ్మ మణికట్టు వదలకుండా పట్టుకు కూర్చున్నాను. దెబ్బ తప్పినప్పుడల్లా తర్వాతిది వస్తుందా అని చూడడమే నా పని.

అనకాపల్లిలో ఆమెను లోపలికి తీసుకెళ్ళి రక్తం తీశారు. ఫలితం వచ్చేవరకు మేం ముగ్గురం వరండాలో ఉన్నాం. అప్పారావు కోడలితో మెల్లగా, కఠినంగా అన్నాడు.

"ఎవులు సెయ్యమన్నారే నిన్ను? మా ఇంట్లో ఎప్పుడైనా ఇలాటి పనులున్నాయా?"

 గౌరి నా దగ్గరకొచ్చి అడిగింది.

"అత్తమ్మకి ఏటయిపోద్ది బాబూ? నేనే సంపీసేనా?"

ఏమీ కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ ఏమవుతుందో నాకూ తెలియదు. చెడు చేయాలని చేయలేదు కదమ్మా అని మాత్రం అనగలిగాను. ఆ మాట ఆమెకు ఏమంత పనికొచ్చినట్టు లేదు.

చివరికి డ్యూటీ డాక్టరు బయటకు వచ్చి పొటాషియం ప్రమాదకరంగా పడిపోయిందని చెప్పాడు. దాన్ని హడావిడిగా ఎక్కించకూడదు, వేగం పెరిగితే గుండె ఆగుతుంది. గుండె కొట్టుకోవడం తెరమీద చూస్తూ చుక్కచుక్కగా ఎక్కించాలి. ఆ వరండాలో ఎదురుచూడడం నా సర్వీసు మొత్తంలో కష్టమైన పనుల్లో ఒకటి. మర్నాడు పొద్దున నేను మళ్ళీ వెళ్ళేసరికి రమణమ్మ మంచం మీద మోకాలు మడిచి చాపి చూసుకుంటోంది.

"కాలు నా మాట ఇంటంది బాబూ" అంది.

అప్పారావు ఆ మాట విని బయటకు వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో కోడలి కోసం ఇడ్లీ పొట్లం ఉంది.

అక్కడి డాక్టర్లు బీపీ మాత్ర మార్చి, అతిమధురం మానిపించి, వారం తిరక్కుండానే ఇంటికి పంపారు. తర్వాత వడ్డాది వైపు పని మీద వెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. గౌరి నాకు పాల టీ ఇచ్చింది గాని, ఆకు, వేరు అంటే చేయి పెట్టనంది. ఆ భయం నేను పెట్టిందే కనుక తీయడమూ నా పనే అనుకున్నాను. దంచిన ధనియాలు ఒక చెంచా, చిన్న అల్లం ముక్క, నాలుగు తులసాకులు గిన్నెలో వేసి, మరిగిన నీళ్ళు దించి వాటి మీద పోయమన్నాను. మళ్ళీ పొయ్యి మీద పెట్టొద్దు, మూతపెట్టి వడకట్టు, పూటకొక గ్లాసు చాలు అన్నాను. ఆమె కదల్లేదు. గడప దగ్గర కూర్చున్న రమణమ్మ అంది:

"ఒసే గౌరీ, బాబు సెప్పినట్టు పెట్టవే. తియ్యగా లేకపోయినా తాగుతాను."

గౌరి లేచి గిన్నె తీసుకుంది.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నంతకాలం మందులేం వాడుతున్నారనే ప్రశ్నతో నేను ఆగలేదు. పొద్దున్న లేచిన దగ్గరనుంచి ఏమేం తిన్నారు, ఏమేం తాగారు, ఎవరు చేసిపెట్టారు అని అడిగేవాణ్ణి. ఇంట్లో కాచినదాన్ని జనం మందుగా లెక్కవేయరు. వైద్యుడు లెక్కవేయాలి. కారణం చెప్పేటప్పుడు అది చేసిపెట్టిన మనిషి ఎదురుగా ఉందేమో కూడా చూసుకోవాలి. ఉన్నా చెప్పాలి. చెప్పిన తర్వాత ఆ మనిషిని అక్కడే వదిలేసి రాకూడదు.