పగులు మీద కాగితం

నేను యూనివర్సిటీలో బిల్డింగ్ సర్వేయింగ్, అంటే కట్టడాలు ఎంత గట్టిగా ఉన్నాయో పరీక్షించే చదువు, చదివేదాన్ని. అదేం చదువో మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకసారి మాచర్ల నుంచి నరసరావుపేట బస్సులో, పగిలిన గోడల బొమ్మలున్న పుస్తకం తిప్పుతున్నాను. రెంటచింతలలో ఎక్కి పక్కన కూర్చున్నావిడ తొంగి చూసింది.

"ఏంది పాపా, గోడలకి కూడా చదువుండిద్దా? మా ఇంటి గోడ చానా పగిలింది. పడిపోయిద్దంటావా?"

చూడకుండా చెప్పలేనన్నాను. "పగులు మీద అడ్డంగా కాగితం అంటించి రోజూ చూడండి పిన్నీ. అది చిరిగితే పగులు పెరుగుతున్నట్టు. వెంటనే ఇంట్లో వాళ్ళకి చెప్పండి."

"ఇంట్లో నేనొక్కదాన్నే గదమ్మా. ఎవురికి చెప్పేది?" అని నవ్వింది.

నా ఫోన్ నంబరైనా ఇవ్వాలని తోచేలోపే ఆవిడ గురజాలలో దిగిపోయింది.

ఇప్పుడు ఏ ఇంటికి సర్వేకి వెళ్ళినా, కొలిచే టేపు తీయకముందే ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడుగుతాను.